తలుపేసుకుని ముప్పావుగంట: అలసిపోయిన అమ్మానాన్నలు ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఎలా తీసుకోవాలి

కౌన్సెలింగ్ తీసుకుంటే బాగుండు అని చాలాకాలంగా అనుకుంటూ ఇంకా మొదలుపెట్టని అమ్మానాన్నలు నాకు చాలామందే తెలుసు. వాళ్లను ఆపుతున్నది డబ్బొక్కటే కాదు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, అందులో ఐదుగురు మనుషులు. ఒక గదిలో పెద్దాడి ఆన్‌లైన్ ట్యూషన్, ఇంకో గదిలో మామగారి మధ్యాహ్నపు నిద్ర. ఎవరికీ వినపడకుండా ముప్పావుగంట మాట్లాడే చోటేది? అందుకే ఇక్కడ యాప్‌ల గురించి తక్కువ, ఇలాంటి ఇంటి సంగతుల గురించి ఎక్కువ చెబుతాను.

నేరుగా వెళ్లడం మంచిదా, ఆన్‌లైన్ మంచిదా అన్న చర్చలోకి పోను. ఉప్పల్ నుంచి జూబ్లీహిల్స్ వెళ్లి, గంట కూర్చుని, సాయంత్రం ట్రాఫిక్‌లో తిరిగి రావాలంటే సగం రోజు పోతుంది. ఆ సగం రోజూ పిల్లల్ని ఎవరు చూస్తారన్నది మళ్లీ ఇంకో సమస్య. చిన్నపిల్లలున్న ఇళ్లకి ఆన్‌లైన్ పనికొచ్చేది ముఖ్యంగా ఇందుకే.

ముందు మీ అలసట ఏ రకమో చూసుకోండి

పిల్లలున్న ఇంట్లో అలసట లేని రోజు ఉండదు. రెండు రోజులు బాగా నిద్రపోతేనో, పుట్టింటికి వెళ్లొస్తేనో తగ్గిపోతే అది మామూలు అలసటే. తగ్గకపోతే ఆలోచించాలి. బెల్జియంలో ఇసబెల్ రోస్కమ్, మొయిరా మికొలాయ్‌చాక్ అనే ఇద్దరు సైకాలజీ ఆచార్యులు తల్లిదండ్రుల్లో వచ్చే ఈ తీవ్రమైన అలసట మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. దీన్ని పేరెంటల్ బర్నౌట్ అంటారు. వాళ్లు చూసే గుర్తులు నాలుగు. పిల్లల పని తలుచుకోగానే ఒళ్లూ మనసూ నీరసించిపోవడం. 'నేను ఇలాంటి అమ్మని కాదే, ఇలాంటి నాన్నని కాదే' అని మీకే అనిపించడం. పిల్లలతో గడపడం అంటేనే విసుగెత్తిపోవడం. ఇక నాలుగోది, అన్నం పెట్టడం, స్నానం చేయించడం, బడికి పంపడం అన్నీ చేస్తూనే మనసు మాత్రం వాళ్లకి దూరంగా జరిగిపోవడం. ఈ నాలుగోదాన్ని ఇంట్లో ఎవరూ కనిపెట్టలేరు. పనులు టైముకి అవుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

వీళ్ల ఆధ్వర్యంలో 42 దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో అచ్చయింది. ఎవరి బతుకు వాళ్లదన్న పద్ధతి బలంగా ఉన్న పాశ్చాత్య దేశాల్లో ఈ స్థితి ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. అమ్మమ్మ ఖమ్మంలో, నానమ్మ కరీంనగర్‌లో, ఉద్యోగాలు చేసే ఇద్దరూ నిజాంపేటలో ఉన్న ఇల్లు ఆ బాపతులోకి దగ్గరపడుతూనే ఉంది. అలాగని అత్తమామలు ఇంట్లో ఉంటే ఈ బాధ ఉండదనుకోవద్దు. సాయం పట్టే చేతులతో పాటు వ్యాఖ్యానం చేసే నోళ్లూ వస్తాయి.

ఒక వారం పాటు రోజుకి రెండు లైన్లు రాయండి. ఏ టైములో ఎక్కువ కోపం వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు. అంతకంటే వద్దు. డైరీ రాయడం మరో పని అయిపోతే మూడో రోజుకే మానేస్తారు. ఆ రెండు లైన్లే మొదటి సెషన్‌లో బాగా అక్కరకొస్తాయి.

వీడియో కాల్‌తో సరిపెట్టుకోకూడని సందర్భాలు

చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, బిడ్డని ఏమైనా చేసేస్తానేమోనని భయం పుడుతున్నా స్లాట్ బుక్ చేసుకుని గురువారం దాకా ఆగకండి. అప్పటికప్పుడు ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ప్రమాదం దగ్గరపడిందనిపిస్తే 108 గానీ 112 గానీ. నమ్మకమున్న మనిషినొకరిని పక్కన ఉంచుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. గాంధీలోనూ ఉస్మానియాలోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఎర్రగడ్డ పేరు చెప్పి ఒకరినొకరు వెక్కిరించుకోవడం ఈ ఊరికి పాత అలవాటు. ఆ వెక్కిరింతకి జంకి వైద్యం మానుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

కాన్పు అయిన కొత్తలో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరిగేదే, సాధారణంగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే డాక్టర్‌కి చూపించాలి. పాలిస్తున్న సంగతి మొదటే చెప్పండి, మందు ఎంచుకోవడానికి అది ముఖ్యం. కానీ బాలింతకి నిద్ర అసలే పట్టకపోవడం, లేని మాటలు వినపడటం, బిడ్డ గురించి వింత వింత నమ్మకాలు మాట్లాడటం కనిపిస్తే అది ఎమర్జెన్సీ. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇంట్లో మీ మీద చేయి చేసుకునే మనిషి ఉంటే, మీ ఫోన్ ఆ మనిషి చూస్తుంటే, అదే ఇంట్లో కూర్చుని వీడియో కౌన్సెలింగ్ మొదలుపెట్టడం క్షేమం కాదు. మహిళలకి 181 హెల్ప్‌లైన్ ఉంది. వీలైతే వేరేవాళ్ల ఫోన్ నుంచి చేయండి.

మీ అలసటకి మూలం పిల్లవాడి ఎదుగుదల గురించిన అనుమానమైతే, అంటే మాటలు రాకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, బడి నుంచి రోజూ ఫిర్యాదులు, అప్పుడు పిల్లవాడిని నేరుగా చూపించాలి. తెరమీద చూసి ఆటిజం ఉంది, లేదు అని తేల్చేసేవాళ్లని నమ్మకండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది, 1984 నుంచి. పేరు పొడుగ్గా ఉంటుంది, ఎన్ఐఈపీఐడీ అంటే చెబుతారు. పిల్లవాడి పని అక్కడ జరుగుతుంటే మీ కౌన్సెలింగ్ ఇంటి నుంచి సాగొచ్చు.

డబ్బు కట్టే ముందు ఉచితంగా దొరికేది వాడుకోండి

టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ సేవ ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. నంబర్ 14416, లేదా 1800 891 4416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైస్థాయి నిపుణులకి కలుపుతారు. రాత్రి పదకొండింటికి పిల్లాడి మీద అరిచేసి, వాడు నిద్రపోయాక వంటింట్లో ఏడుస్తున్నవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. ప్రతివారం ఒకే మనిషితో కూర్చుని లోతుగా చేసే పనికి మాత్రం ఇది బదులు కాదు, అది గుర్తుపెట్టుకుంటే నిరాశ ఉండదు.

మీరో, మీ ఇంటాయనో, ఇంటావిడో మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీలో పనిచేస్తుంటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఉందేమో హెచ్ఆర్ పోర్టల్లో వెతకండి. చాలా కంపెనీలు ఏడాదికి కొన్ని సెషన్లు ఉద్యోగికీ కుటుంబానికీ ఉచితంగా ఇస్తాయి, ఉద్యోగులకే ఆ సంగతి తెలీదు. ఎవరు వాడుకున్నారో పేర్లు కంపెనీకి చెప్పబోమన్న షరతు రాతపూర్వకంగా ఉందో లేదో చదవండి. బుక్ చేసేటప్పుడు సొంత ఈమెయిల్, సొంత ఫోన్ వాడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ వద్దు.

ఇన్సూరెన్స్ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మానసిక జబ్బులకీ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. అయితే మామూలు పాలసీలు ఆస్పత్రిలో చేరితే వచ్చే ఖర్చుకే. వారం వారం కౌన్సెలింగ్ ఫీజు రావాలంటే పాలసీలో ఓపీడీ కవర్, అంటే ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చుకీ బీమా, ఉండాలి.

ఎవరు ఎవరో తేల్చుకోండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఈ అడుగు దగ్గరే.

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ, డీపీఎం లాంటిది చదివిన డాక్టర్. మందులు రాసేది వీళ్లే. 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో చూసే డాక్టర్ తన రిజిస్ట్రేషన్ నంబర్ ప్రిస్క్రిప్షన్ మీదా రసీదు మీదా చూపించాలి. కొన్ని రకాల మందులు వీడియో చూసి రాయడానికి ఆ నిబంధనలే ఒప్పుకోవు. డాక్టర్ 'ఒకసారి క్లినిక్‌కి రండి' అంటే మీ దగ్గర ఇంకో ఫీజు లాగడానికే అనుకోనక్కర్లేదు.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, థెరపీ చేస్తారు. మనదేశంలో వీళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర నమోదై ఉండాలి. ఆ నంబర్‌ని సీఆర్ఆర్ నంబర్ అంటారు. అడిగితే చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర మనకి పనిలేదు.

ఇక కౌన్సెలర్. ఈ మాట బోర్డు మీద రాసుకోవడానికి ఇవాళ ఎవరూ పెద్దగా అడ్డుపడరు. సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో ఏళ్లు పనిచేసి, అద్భుతంగా పనిచేసే కౌన్సెలర్లున్నారు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ ఒకటి పెట్టుకుని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. రీల్స్‌లో బాగా మాట్లాడటం వేరు, ఏడుస్తున్న మనిషి ఎదురుగా ఓపిగ్గా కూర్చోవడం వేరు. కాబట్టి ఏం చదివారు, ఎక్కడ చదివారు, తల్లిదండ్రులతో ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు, వాళ్లకి సూపర్‌విజన్ ఎవరిస్తారు, ఈ నాలుగూ అడగండి. ఆ చివరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చేవాళ్లు నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తారు.

పేరెంటింగ్ కోచ్ అంటే నిద్ర వేళలు, హోంవర్క్, స్క్రీన్ టైమ్ లాంటి వాటికి పద్ధతులు చెప్పే మనిషి. పద్ధతే కావాలంటే తప్పులేదు. మీ దిగులుకి మాత్రం కోచ్ దగ్గర మందు లేదు.

వెంటనే వదిలేయాల్సినవాళ్లు కూడా ఉన్నారు. నెలలో పిల్లాడిని మార్చేస్తానని గ్యారంటీ ఇచ్చేవాళ్లు, మొదటి కాల్‌లోనే ఇరవై సెషన్ల ప్యాకేజీ అంటగట్టేవాళ్లు, మధ్యలో జాతకం తీసేవాళ్లు, వేరే క్లయింట్ల కథలు ఆనవాళ్లతో సహా చెప్పేవాళ్లు. రేపు మీ కథ ఇంకెవరికో అలాగే చెబుతారు.

ఫీజు వందల్లో తీసుకునేవాళ్లూ ఉన్నారు, రెండు మూడు వేలు తీసుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ ఫీజు అంటే ఎక్కువ పనితనం అని లెక్కేం లేదు. తక్కువ ఫీజుతో కొన్ని స్లాట్లు పక్కన పెట్టేవాళ్లు కొందరుంటారు, కనుక అడగడానికి మొహమాటపడకండి.

ఏ భాషలో తిడతారో ఆ భాషలో బుక్ చేయండి

ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు యాప్‌లో భాష ఎంచుకునే చోట అలవాటుగా ఇంగ్లిష్ నొక్కేస్తారు. పిల్లాడి మీద కోపం వచ్చినప్పుడు మీ నోట్లోంచి వచ్చేది ఏ భాష? ఆ భాష వచ్చిన మనిషే మీకు కావాలి. 'మా అత్తగారు మూతి ముడుచుకున్నారు' అన్నది ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పేసరికి అందులో సగం పోతుంది. పాతబస్తీలో పుట్టి పెరిగి ఇంట్లో ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాళ్లైతే ఆ రెండూ వచ్చినవాళ్లని అడగండి. ఈ నగరంలో అలాంటివాళ్లు కరువేమీ కాదు.

ఒకరిద్దరి పేర్లు దొరికాక ఇలా ఒక మెసేజ్ పెట్టండి:

'నమస్తే అండి. నాకు ఏడేళ్ల బాబు, రెండేళ్ల పాప ఉన్నారు. కొన్ని నెలలుగా పిల్లల మీద బాగా కోపం వస్తోంది, నిద్ర సరిగ్గా ఉండటం లేదు. తెలుగులో మాట్లాడతారా? మీ చదువు, రిజిస్ట్రేషన్ వివరాలు, ఫీజు, సెషన్ ఎంతసేపు, క్యాన్సిల్ చేస్తే డబ్బు సంగతి చెప్పగలరా?'

ఇంతకంటే మీ బాధ మెసేజ్‌లో రాయకండి. వాట్సాప్ చాట్ అవతల ఎవరు చూస్తారో ఇంకా తెలీదు కదా, రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి కూడా అయ్యుండొచ్చు.

చోటు వెతుక్కోవడం

సెషన్ సాధారణంగా 45 నుంచి 50 నిమిషాలు. ఆ కాసేపు మీ మాట ఎవరికీ వినపడదన్న నమ్మకం లేకపోతే మీరు పైపై మాటలే చెప్పి ఫీజు కట్టి లేస్తారు.

ఇంట్లో ఉండేవాళ్లకి నా ఓటు పొద్దున పదకొండు గంటలకి. స్కూల్ వ్యాన్ వెళ్లిపోయి, పనిమనిషి పని ముగించుకుని వెళ్లి, కుక్కర్ విజిల్స్ ఇంకా మొదలుకాని వేళ అది. రాత్రి పిల్లలు పడుకున్నాక తొమ్మిదిన్నరకి పెట్టుకుందామని అందరికీ అనిపిస్తుంది. నేనైతే వద్దంటాను. అప్పటికి మీలో మాట్లాడే సత్తువ ఉండదు. పైగా పాత గాయాలు కదిపి పడుకుంటే నిద్ర పట్టదు, పొద్దున్నే ఆరింటికి టిఫిన్ బాక్సు తప్పదు. అమెరికా షిఫ్టు చేసేవాళ్లకి మధ్యాహ్నం మూడు బాగుంటుంది, నిద్ర లేచి, పిల్లలు ఇంకా రాకముందు.

గది దొరికితే తలుపు దగ్గర కాకుండా తలుపుకి ఎదురు గోడ దగ్గర కూర్చోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి రాదు గానీ మీ మాట వస్తుంది, అది మర్చిపోతుంటాం. పాత ఫోన్ ఒకటి తలుపు బయట పెట్టి అన్నమయ్య కీర్తనలో, పాటలో పెట్టేయండి. హాల్లో సీరియల్ నడిచే వేళైతే అదీ అక్కర్లేదు. సీరియల్ క్లైమాక్స్‌లో ఉండగా మన గొంతు ఎవరు వింటారు?

బాల్కనీ మోసం చేస్తుంది. పైఫ్లాటు వాళ్లకి, పక్కఫ్లాటు వాళ్లకి మీ మాట మీ హాల్లోకంటే బాగా వినపడుతుంది. టెర్రస్ కొంచెం మేలు, ట్యాంకు వెనక నీడ ఉన్నంతవరకు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఆలోచన మానుకోండి.

కారున్నవాళ్లకి కారే మంచి గది. కాకపోతే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సిగ్నల్ ఉండదు, వాచ్‌మన్ వచ్చి 'ఏమైంది సార్' అంటాడు. బయటికి తీసుకెళ్లి, కాలనీలో చెట్టు నీడన ఆపి, అద్దాలు ఎత్తి కూర్చోండి. నడుస్తున్న కారులో మాత్రం సెషన్ వద్దు, డ్రైవింగ్ మీరు చేస్తున్నా, క్యాబ్ డ్రైవర్ చేస్తున్నా. కారు లేనివాళ్లు వీడియో మానేసి ఆడియో కాల్‌కి మారొచ్చు. ఇందిరా పార్కులోనో సంజీవయ్య పార్కులోనో పని రోజున పగలు ఒక మూల బెంచీ దొరకడం కష్టం కాదు. నడుస్తూ మాట్లాడితే మాట తేలిగ్గా వచ్చే మనుషులు కూడా ఉంటారు. ముందు కౌన్సెలర్‌కి చెప్పి ఒప్పించుకోండి.

ఆఫీసులో ఫోన్ బూత్‌లు, చిన్న మీటింగ్ రూములు ఉంటే లంచ్ వేళ ఒకటి బుక్ చేసుకోండి. గాజు తలుపైతే వీపు తలుపు వైపు పెట్టండి. క్యాలెండర్‌లో 'అపాయింట్‌మెంట్' అని రాస్తే చాలు, అబద్ధమూ కాదు.

వానాకాలం సాయంత్రాలు కరెంటు పోతే వైఫై పోతుంది. మొబైల్ డేటా ఉందో లేదో ముందే చూసుకోండి. కాల్ తెగితే ఎవరు ఎవరికి తిరిగి చేయాలో, ఎంతసేపు ఆగాలో మొదటిరోజే మాట్లాడుకోండి. ఏడుపు మధ్యలో కాల్ తెగి, అవతలి మనిషి చేస్తారా నేను చేయాలా అని తెల్లబోయి కూర్చోవడం చాలా బాధగా ఉంటుంది.

ఇంట్లో ఏం చెప్పాలి

అందరికీ అన్నీ చెప్పక్కర్లేదు. 'అత్తమ్మా, పదకొండింటికి నాకు డాక్టర్‌తో ఫోన్ మాట్లాడేది ఉంది, పన్నెండు దాకా పాపని కొంచెం చూస్తారా?' అంటే సరిపోతుంది. ఏం డాక్టర్ అంటే 'నిద్ర సరిగ్గా పట్టట్లేదు, దానికి' అనండి. నిజమే కదా. పెద్దవాళ్లకి నిద్ర పట్టకపోవడం అర్థమవుతుంది, కౌన్సెలింగ్ అంటే కంగారుపడతారు.

భర్తకో భార్యకో మాత్రం ఉన్నమాట చెప్పడం మేలు, అయితే గొడవ మధ్యలో కాదు. 'నీ వల్లే నేను కౌన్సెలింగ్‌కి వెళ్లాల్సి వస్తోంది' అన్నారంటే ఆ మాట ఏళ్ల తరబడి ఇంట్లో తిరుగుతుంది. పిల్లలకి, 'అమ్మ ఫోన్ మాట్లాడాలి, పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చాక తలుపు తీస్తా' అంటే చాలు.

నాన్నలకి ఒక మాట. ఇంటి కోసం కష్టపడుతున్నాను కదా, నాకేంటి అలసట అనుకునేవాళ్లు ఎక్కువ. కోపం, తాగుడు, ఇంటికి ఆలస్యంగా రావడం, ఫోన్‌లో మునిగిపోవడం కూడా అలసటే వేసే వేషాలు కావొచ్చు. బుక్ చేసేది మీ భార్యే కావాలని లేదు.

ఇద్దరిలో ఒకరు డాలస్‌లో, ఒకరు ఇక్కడ పిల్లలతో ఉంటే జంటగా సెషన్ తీసుకోవడానికి ఆన్‌లైన్ తప్ప దారి లేదు. అక్కడ వేసవిలో ఉదయం ఏడంటే ఇక్కడ సాయంత్రం ఐదున్నర, చలికాలంలో ఆరున్నర. అమెరికాలో ఉన్న మనిషికి ఇక్కడి నిపుణులు సెషన్ ఇవ్వడానికి అక్కడి రాష్ట్రాల నిబంధనలు అడ్డొస్తాయని కొందరు ఒప్పుకోరు. డబ్బు కట్టకముందే అడగండి.

మొదటి సెషన్‌లో

మొదట్లో వివరాలు అడుగుతారు. మీ వయసు, చిరునామా, అత్యవసరానికి ఎవరి నంబర్, ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చుని మాట్లాడుతున్నారు. ఆ చివరిది చూసి అనుమానపడకండి. మాట్లాడుతుండగా మీకేమైనా అయితే సాయం పంపాల్సింది ఆ చోటికే.

'చాలా టెన్షన్‌గా ఉంటోందండి' అని మొదలుపెడితే సంభాషణ అక్కడే తిరుగుతుంది. జరిగిన ఒక్క సంఘటన చెప్పండి. 'మొన్న రాత్రి లెక్కల హోంవర్క్ దగ్గర వాడు మూడోసారి అదే తప్పు చేశాడు. నేను పుస్తకం విసిరేశాను. వాడు ఏడవలేదు, నా మొహం చూస్తూ కూర్చున్నాడు. నాకు భయమేసింది.' ఇంత చెబితే అవతలివాళ్లకి పని మొదలుపెట్టడానికి చాలా దొరుకుతుంది. వారం రోజులు రాసిన రెండేసి లైన్లు పక్కన పెట్టుకోండి.

పిల్లాడిని ఎలా మార్చాలో చెప్పండి అని పట్టుబట్టకండి. ఆ గంట మీది. మీ నిద్ర, మీ కోపం, చిన్నప్పుడు మీకు పడిన దెబ్బలు, ఇంటర్ ర్యాంకుల గురించి మీలో ఉన్న భయం, వీటి మీద మాట నడుస్తుంటే దారి తప్పామనుకోవద్దు. అలాగని మౌనంగా తలూపే మనిషి ముందు నెలలకొద్దీ మాట్లాడుతూ పోనక్కర్లేదు. సెషన్ చివర 'వచ్చేవారం దాకా నేను ఏం ప్రయత్నించాలి?' అని అడగండి. ఒక్కటి చాలు. హోంవర్క్ వేళ పుస్తకం మీరు పట్టుకోకుండా వేరేవాళ్లకి అప్పగించడం లాంటి చిన్నది. నాలుగు పనులు ఇస్తే, అన్నీ చేయలేనని అప్పుడే చెప్పేయండి.

గుట్టు ఎంతవరకు

మానసిక ఆరోగ్య చికిత్సలో చెప్పిన సంగతులు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 చట్టం మీకిచ్చింది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మినహాయింపులు ఉన్నాయి. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే, కోర్టు అడిగితే చెప్పొచ్చు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయాల్సిన బాధ్యత ఉంటుంది, కౌన్సెలర్‌కి కూడా. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు, ఏ మాట ఎక్కడిదాకా వెళ్తుందో మీకు ముందే తెలిసుండాలి.

వీడియో రికార్డ్ చేస్తున్నారా, నోట్స్ ఎక్కడ దాస్తారు, యాప్ అయితే ఖాతా తీసేస్తే ఆ సమాచారం ఏమవుతుంది అని అడగండి. మీరూ చెప్పకుండా రికార్డ్ చేయకండి. యూపీఐలో కడితే ఉమ్మడి ఖాతా స్టేట్‌మెంట్‌లో క్లినిక్ పేరు కనపడుతుందన్న సంగతి గమనించుకోండి.

మూడు నాలుగు సెషన్లు అయ్యాక

ఇల్లు మారిపోయి ఉండదు. చూడాల్సింది వేరే. అరుపుకి ముందు ఒక్క క్షణం మీకు మీరు కనపడుతున్నారా? అరిచాక పిల్లాడి దగ్గరికి వెళ్లి మాట్లాడగలుగుతున్నారా? సెషన్ రోజు వస్తోందంటే కాస్త ఊరటగా ఉందా, పరీక్షలా ఉందా? మొదటి రెండు సెషన్ల తర్వాత మనసు బరువుగా ఉండటం మామూలే. నాలుగోదాని తర్వాత కూడా మిమ్మల్ని ఎవరో తప్పుపడుతున్నట్టే అనిపిస్తే ఆ మాట కౌన్సెలర్‌తోనే అనండి. మంచివాళ్లు దానికి నొచ్చుకోరు, పద్ధతి మారుస్తారు. మందులు అవసరమేమో అన్న అనుమానం వాళ్లకొచ్చి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపితే వెళ్లండి, కౌన్సెలింగ్ ఓడిపోయిందని కాదు దానర్థం.

డబ్బు బరువైతే మానేయకుండా పదిహేను రోజులకొకసారికి మార్చమని అడగండి. మనిషే కుదరకపోతే మారిపోవచ్చు, సంజాయిషీ అక్కర్లేదు. కనపడకుండా పోవడం కంటే ఇలా రెండు ముక్కలు రాయడం మేలు: 'ఇన్నాళ్లూ సమయం ఇచ్చినందుకు థ్యాంక్స్ అండి. ఇక్కడితో ఆపుదామనుకుంటున్నాను. నా నోట్స్ సారాంశం ఒకటి ఇస్తే కొత్తవారికి చూపిస్తాను. ముందుగా కట్టినవాటిలో మిగిలిన సెషన్ల డబ్బు వెనక్కి పంపగలరా?' కొత్తచోట మళ్లీ మొదటినుంచి కథంతా చెప్పే శ్రమ ఆ సారాంశంతో చాలావరకు తప్పుతుంది. రసీదులు, ప్రిస్క్రిప్షన్లు ఏమైనా ఉంటే అన్నీ ఒక ఫోల్డర్‌లో దాచి, పిల్లలు ఆటల కోసం తీసుకునే ఫోన్‌లో కాకుండా ఇంకోచోట పెట్టుకోండి.